ఇంజిన్ లైటు మళ్లీ మళ్లీ ఎందుకు వెలుగుతుంది, బండి సర్వీస్ సెంటర్‌లో వారాల తరబడి ఎందుకు ఆగిపోతుంది

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. బండికి పికప్ తగ్గుతుంది. షోరూమ్ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూస్తారు, లైటు ఆర్పేస్తారు, 'ఇప్పుడు ఓకే సార్' అని తాళం చేతికిస్తారు. నాలుగో రోజు మళ్లీ అదే లైటు. ఈసారి ఏదో సెన్సర్ మారుస్తారు. పది రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. మూడోసారి బండిని అక్కడే ఉంచేసుకుని 'పార్టు రావాలి' అంటారు. వారాలు గడుస్తాయి. ఈఎంఐ మాత్రం తేదీ తప్పకుండా కట్ అవుతూనే ఉంటుంది.

ఇందులో రెండు వేర్వేరు చిక్కులున్నాయి. ఒకటి ఇంజిన్‌ది: అసలు కారణం దొరకకుండా లక్షణానికి మాత్రమే వైద్యం జరగడం. రెండోది వ్యవస్థది: బండి బాగుచేసేది డీలర్, ఖర్చు భరించేది కంపెనీ, ఎదురుచూసేది ఓనర్. ఈ రెంటినీ కలిపేసి చూస్తే 'బండే చెత్తది' అని ఒకరు, 'కస్టమర్‌కు నడపడం రాదు' అని ఇంకొకరు అనుకోవడంతోనే మాట ఆగిపోతుంది. విడదీసి చూస్తే మాత్రం రెండూ ఒకే కాగితం దగ్గర కలుస్తాయి. అది జాబ్ కార్డు, అంటే బండి ఇచ్చినప్పుడు ఫిర్యాదునూ, చేసిన పనినీ సర్వీస్ సెంటర్ రాసే కాగితం. లోపం దొరకాలన్నా, వారంటీ క్లెయిమ్ కదలాలన్నా, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మాట నిలబడాలన్నా అందులో ఏం రాశారన్నదే కీలకం.

లైటు వెలగడానికి ముందు బండి లోపల జరిగేది

ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. శీతలీకరణ నీటి వేడి, లోపలికి వచ్చే గాలి, ఇంధన పీడనం, సైలెన్సర్ గొట్టంలో పొగ పరిస్థితి, ఇలా పదుల కొద్దీ సెన్సర్ల నుంచి దానికి లెక్కలు అందుతుంటాయి. ఏదైనా లెక్క ఉండాల్సిన హద్దు దాటితే ఈసీయూ ఒక కోడ్ రాసుకుంటుంది. పీ అక్షరంతో మొదలైతే అది ఇంజిన్, గేర్‌బాక్స్‌కు సంబంధించింది. దాని పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. ఉదాహరణకు పీ0300 అంటే సిలిండర్లలో మంట సరిగా అంటుకోవడం లేదని. పీ0087 అంటే ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టంలో (ఇంధన రైలు) పీడనం చాలడం లేదని. పీ0299 అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెట్టే టర్బో ఇవ్వాల్సినంత గాలి ఇవ్వడం లేదని.

కోడ్ అనేది పాడైన పార్టు పేరు కాదు, ఫలానా చోట లెక్క తప్పిందన్న ఫిర్యాదు. పీ0299 వచ్చిందని టర్బో మార్చేస్తే, అసలు తప్పు టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర సన్నటి చీలికలో ఉండొచ్చు. కొత్త టర్బోతో కూడా ఆ చీలిక నుంచి గాలి పోతూనే ఉంటుంది.

లైటు ఆర్పిన నాలుగు రోజులకే తిరిగి రావడానికి కూడా కారణం ఉంది. చాలా రకాల లోపాలకు ఈసీయూ మొదటిసారే లైటు వెలిగించదు. లోపాన్ని 'పెండింగ్' కోడ్‌గా రాసుకుని, తర్వాతి ప్రయాణంలోనూ అదే కనబడితే అప్పుడు వెలిగిస్తుంది. స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే ఈ లెక్కంతా సున్నా నుంచి మొదలవుతుంది. ఈసీయూ తన తనిఖీలన్నీ మళ్లీ చేసుకోవాలి. కొన్ని తనిఖీలకు చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టడం కావాలి, కొన్నింటికి ఒకే వేగంతో కొంత దూరం పోవడం కావాలి. అందుకే సర్వీస్ సెంటర్ చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పి 'రోడ్ టెస్ట్ ఓకే' అని రాస్తే లోపం పోయిందని కాదు, ఆ తనిఖీ ఇంకా జరగలేదని మాత్రమే అర్థం కావచ్చు. అబద్ధం ఎవరూ చెప్పలేదు, పరీక్షే పూర్తికాలేదు.

కోడ్‌తో పాటు ఈసీయూ ఇంకొకటి కూడా దాచుకుంటుంది. లోపం నమోదైన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, దాని మీద భారం ఎంత, బండి స్టార్ట్ చేసి ఎంతసేపైంది అన్న లెక్కలను ఒక ఫొటో తీసినట్టు పక్కన పెడుతుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపేస్తే ఇదీ చెరిగిపోతుంది. పదేపదే వచ్చే ఫాల్టుల్లో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది.

ఒక్క మాట. లైటు నిలకడగా వెలగడం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు. పెట్రోల్ బండిలో అది మిణుకుమంటోందంటే సిలిండర్‌లో కాలని పెట్రోల్ సైలెన్సర్ గొట్టంలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌కు చేరి, దాన్ని లోపలి నుంచి కరిగించేంత వేడి పుట్టిస్తోందని. ఆ స్థితిలో బండి నడిపితే పోయేది మంట అంటించే ఒక ఇగ్నిషన్ కాయిల్ మాత్రమే కాదు, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన కన్వర్టర్.

బీఎస్-6 డీజిల్ బళ్లలో తరచూ కనిపించే చిక్కు: డీపీఎఫ్

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త బళ్లకు బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. డీజిల్ కార్లకు డీపీఎఫ్ అనే మసి జల్లెడ అప్పటి నుంచే సాధారణమైంది. తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ అది. దాని సన్నటి గొట్టాలు ఒకటి ముందు వైపు మూసి, పక్కది వెనక వైపు మూసి ఉంటాయి. పొగ గోడల్లోంచి దూరి బయటపడుతుంది, మసి గోడకే అంటుకుపోతుంది.

మసి నిండాక దాన్ని కాల్చాలి. హైవే మీద గంటసేపు పోతే పొగ వేడికే కొంత నెమ్మదిగా కాలిపోతుంది. అది చాలకపోతే ఈసీయూ కావాలనే కొంచెం ఎక్కువ డీజిల్ చిమ్మి, జల్లెడను సుమారు 600 డిగ్రీల వరకు వేడెక్కిస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. చాలా బళ్లలో ఇది 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో ఐడిలింగ్ కొంచెం పెరుగుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, కింద నుంచి కాలిన వాసన వస్తుంది, మైలేజీ అంకె పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు వచ్చిందని బండి ఆపేస్తే పని సగంలో ఆగుతుంది.

ఒకే మోడల్ కొన్న ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు వారానికి రెండుసార్లు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొస్తారు. ఇంకొకరు రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ దాకా ట్రాఫిక్‌లో వెళ్లొస్తారు. మొదటివారికి డీపీఎఫ్ అనేది ఒకటుందని కూడా తెలియకపోవచ్చు. రెండోవారి బండిలో రీజనరేషన్ మొదలవడం, ఆగడం, మళ్లీ మొదలవడం రోజూ జరిగే పనే. కొన్ని ప్రయత్నాలు విఫలమైతే డీపీఎఫ్ లైటు వెలుగుతుంది. అదీ దాటితే ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి పికప్ తగ్గించుకుంటుంది, దీన్ని లింప్ మోడ్ అంటారు. అక్కడి నుంచి సర్వీస్ సెంటర్‌లో స్కానర్‌తో బలవంతంగా కాల్చాల్సిందే. మసి ఇంకా పేరుకుంటే అలా కాల్చడం కూడా ప్రమాదమని ఈసీయూ ఒప్పుకోదు, దిమ్మను విప్పి శుభ్రం చేయాలి లేదా మార్చాలి.

మసి వేరు, బూడిద వేరు. మసి కాలిపోతుంది. ఇంజిన్ ఆయిల్‌లోని కొన్ని రసాయనాలు కాలగా మిగిలే బూడిద కాలదు, జల్లెడలోనే ఉండిపోతుంది. అందుకే ఈ బళ్లకు బూడిద తక్కువ ఇచ్చే ప్రత్యేక ఆయిల్ చెబుతారు. షెడ్డులో చవగ్గా వచ్చిందని మామూలు ఆయిల్ పోయిస్తే జల్లెడ ఆయుష్షు తగ్గుతుంది, వారంటీ వాదనా బలహీనపడుతుంది. కోడ్‌లలోనూ ఈ తేడా కనిపిస్తుంది: మసి పేరుకుంటే పీ2463, బూడిదకు పీ242ఎఫ్. ఇరవై వేల కిలోమీటర్లకే బూడిద కోడ్ వచ్చిందంటే ఆయిల్ గురించి గట్టిగా అడగాల్సిందే.

సగంలో ఆగిన రీజనరేషన్లు ఇంకో చోట కూడా దెబ్బతీస్తాయి. జల్లెడ కోసం చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంటుంది, వేలికి పల్చగా తగులుతుంది, డీజిల్ వాసన కొడుతుంది. 'మా బండి ఆయిల్ అస్సలు తాగదు' అని సంతోషించే ఓనర్‌కు అది నిజానికి ప్రమాద సూచన. పల్చబడ్డ ఆయిల్‌తో టర్బో బేరింగులు, క్రాంక్ బేరింగులు అరుగుతాయి. డీపీఎఫ్ లైటుతో మొదలైన కథ ఆరు నెలలకు టర్బో శబ్దంగా తిరిగి రావడం వెనుక ఈ దారి ఉంటుంది.

తప్పెవరిది అన్నదానిపై రెండు వాదాల్లోనూ న్యాయం ఉంది. జల్లెడ ఎలా పనిచేస్తుందో ఓనర్ మాన్యువల్‌లో రాశాం, దానికి తగ్గట్టు నడపడం వాడేవారి బాధ్యత అని కంపెనీలు అంటాయి. బండి అమ్మేటప్పుడు రోజుకు ఎంత దూరం పోతారని ఎవరూ అడగలేదు, ఊళ్లో మాత్రమే తిరిగే మాకు పెట్రోల్ బండే మంచిదని ఎవరూ చెప్పలేదని ఓనర్లు అంటారు. రెండో వాదనను తేలిగ్గా తీసేయలేం. ఎందుకంటే జల్లెడ నిండడానికి నడిపే తీరు ఒక్కటే కారణం కాదు. ఆ మాటను అడ్డం పెట్టుకుని అసలు లోపాన్ని వెతకడం మానేసిన సందర్భాలు తక్కువేం కాదు.

నాలుగు సార్లు వెళ్లిన ఒక బండి: అంకెలతో ఉదాహరణ

ఇది కల్పించిన ఉదాహరణే, కానీ ఇందులోని ప్రతి మెట్టూ వర్క్‌షాపుల్లో నిజంగా జరిగేదే. డీజిల్ ఎస్‌యూవీ, 18,240 కిలోమీటర్ల దగ్గర పీ2463 వచ్చింది. మొదటిసారి బలవంతపు రీజనరేషన్ చేసి, కోడ్ చెరిపి పంపారు. జాబ్ కార్డులో 'డీపీఎఫ్ రీజన్ చేశాం, కస్టమర్‌కు హైవే డ్రైవింగ్ సలహా ఇచ్చాం' అని రాశారు.

18,610 దగ్గర మళ్లీ అదే. జల్లెడకు ముందూ వెనకా పీడనం ఎంత తేడా ఉందో కొలిచే సెన్సర్ ఒకటుంటుంది. దాన్ని మార్చారు. ఇదీ పూర్తిగా గుడ్డి దెబ్బ కాదు. ఆ సెన్సర్‌కు వెళ్లే సన్నటి రబ్బరు గొట్టాలు పగిలినా, మూసుకుపోయినా జల్లెడ నిండకుండానే నిండినట్టు చెబుతుంది. 19,050 దగ్గర మూడోసారి. ఈసారి జల్లెడ విప్పి శుభ్రం చేశారు, బండి 9 రోజులు అక్కడే ఉంది.

19,700 దగ్గర నాలుగోసారి వచ్చినప్పుడు ఒక టెక్నీషియన్ కోడ్ చెరపకుండా ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచాడు. వేగం గంటకు 62 కిలోమీటర్లు. స్టార్ట్ చేసి 27 నిమిషాలు. శీతలీకరణ నీటి వేడి 64 డిగ్రీలు. అంతసేపు నడిచిన ఇంజిన్ 85, 90 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది, నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లోకే పోతున్నాయి. ఇంజిన్ తగినంత వేడెక్కకపోతే ఈసీయూ రీజనరేషన్ మొదలుపెట్టదు. జల్లెడ బాగానే ఉంది, సెన్సర్ బాగానే ఉంది, ఓనర్ నడిపే తీరూ బాగానే ఉంది. తప్పు జల్లెడకు ఎంతో దూరంలో, కొన్ని వేల రూపాయల పార్టులో ఉంది. మార్చడం ఒక పూట పని.

థర్మోస్టాట్ లోపానికి పీ0128 అనే సొంత కోడ్ ఉంది కదా, అది ఎందుకు రాలేదు? ఆ తనిఖీకి దాని షరతులు దానికున్నాయి. ప్రతిసారీ కోడ్‌లు చెరిపేయడంతో అది పెండింగ్ దశలోనే మళ్లీ మళ్లీ తుడిచిపెట్టుకుపోయి ఉండొచ్చు. మొదటిసారే ఆ 64 అంకెను జాబ్ కార్డులోనో స్కాన్ రిపోర్టులోనో అచ్చువేసి ఉంచితే మిగతా మూడు ప్రయాణాలు అక్కర్లేదు. థర్మోస్టాట్ ఒక్కటే కాదు. కారే ఇంజెక్టర్, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో బిగుసుకోవడం, గాలి కారే టర్బో గొట్టం, వీటిలో ఏదైనా సరే చివరికి జల్లెడ నిండిన కోడ్‌గానే బయటపడగలదు.

'చెక్ చేశాం, ఏ లోపమూ కనబడలేదు' అన్న మాట

వచ్చి పోయే లోపాలు మెకానిక్‌కు నిజంగానే కష్టం. వైరింగ్‌లో ఒక తీగ ఇంజిన్ వేడెక్కినప్పుడే తెగుతుంది, చల్లారితే అతుక్కుంటుంది. వానాకాలంలో కనెక్టర్‌లోకి తేమ చేరి పిన్ను పచ్చగా చిలుమెక్కుతుంది. ఎలుకలు వైరు కొరికితే అది వారంటీ కిందకు రాదంటారు, ఆ మాట చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది కూడా. ఇలాంటి బండిని రాత్రంతా ఉంచి తెల్లవారుజామున చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి చూడాలి. ఓనర్‌కు సాయంత్రానికే బండి కావాలి. ఇక్కడ వర్క్‌షాపు వాళ్ల ఇబ్బందిని తీసిపారేయకూడదు.

కాకపోతే ఓనర్ చెప్పిన మాట జాబ్ కార్డులోకి ఎలా ఎక్కుతుందన్నది వాళ్ల చేతిలోనే ఉంది. 'ఇంజిన్ ప్రాబ్లమ్' అని రాస్తే మెకానిక్‌కు ఏమీ అందదు. 'ఉదయం మొదటి స్టార్ట్ తర్వాత 5 నిమిషాలకు, మూడో గేర్‌లో, ఏసీ వేసి ఎత్తు ఎక్కుతుంటే కుదుపు. లైటు నిలకడగా ఉంది' అంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పది నిమిషాలు కూర్చుని ఇలా రాసే సర్వీస్ అడ్వైజర్ ఉన్న చోట బళ్లు తిరిగి రావడం తగ్గుతుంది.

రోజులు ఎక్కడ పోతాయి

వారంటీలో ఉన్న బండికి ఖరీదైన పార్టును డీలర్ తనంతట తాను మార్చేయలేడు. ముందు స్కాన్ రిపోర్టు, ఫొటోలు, పాత సర్వీసుల చరిత్ర కంపెనీకి పంపాలి. కంపెనీ సాంకేతిక విభాగం చూసి, ఇంకో పరీక్ష చేయమనొచ్చు. అనుమతి వచ్చాక పార్టు ఆర్డర్ పెట్టాలి. అది ప్రాంతీయ గోడౌన్‌లో లేకపోతే ప్లాంటు నుంచో, విదేశం నుంచో రావాలి. వచ్చాక విప్పితే ఇంకో పార్టు కూడా పోయిందని తెలిస్తే మళ్లీ మొదటి మెట్టు నుంచి అనుమతి.

ఇందులో బయటివారికి కనబడని లెక్క ఒకటుంది. వారంటీ పనికి డీలర్‌కు కూలి ఇచ్చేది కంపెనీ. అది ఈ పనికి ఇన్ని గంటలు అని ముందే కట్టిన లెక్క ప్రకారం వస్తుంది. ఉదాహరణకు ఒక సెన్సర్ మార్చడానికి కంపెనీ లెక్క ఒకటింపావు గంట అనుకుందాం. కారణం వెతకడానికి టెక్నీషియన్‌కు ఐదు గంటలు పట్టింది. వెతికిన సమయానికి విడిగా అనుమతి రాకపోతే దాదాపు నాలుగు గంటల కూలి డీలర్ నెత్తిన పడుతుంది. నిదానంగా వెతకడం కన్నా అనుమానం ఉన్న పార్టు మార్చేసి చూడటమే లాభమన్న వాతావరణం అలా తయారవుతుంది. ఇది ఏ ఒక్క మెకానిక్ బద్ధకమో కాదు. లెక్క కట్టిన తీరే అలా ఉంది.

ఆర్డర్లలోనూ తేడాలుంటాయి. మామూలు స్టాకు ఆర్డర్ వేరు, బండి కదలలేని స్థితిలో ఉందని పెట్టే అత్యవసర ఆర్డర్ వేరు. రెండోదాన్ని వర్క్‌షాపుల్లో వీఓఆర్ అంటారు. 'పార్టు ఆర్డర్ పెట్టాం' అన్న మాటకు పార్ట్ నంబరు, ఆర్డర్ తేదీ, ఆర్డర్ రకం తోడైతేనే అర్థం ఉంటుంది. బండి 3వ తేదీన ఇస్తే ఆర్డర్ 17న పెట్టినట్టు తేలడం, ఆ పద్నాలుగు రోజులూ కంపెనీ ఆలస్యం కాదని తేలడం ఇలాగే జరుగుతుంది. అలాగే కొన్ని మోడళ్లలో తెలిసిన లోపాలకు కంపెనీ డీలర్లకు సాంకేతిక బులెటిన్లు పంపుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వేయమనో, మెరుగుపరిచిన పార్టు వాడమనో అందులో ఉంటుంది. ఓనర్ అడగకపోతే అలాంటిది ఉందన్న సంగతి అతని చెవిన పడకపోవచ్చు.

వారంటీ ఇచ్చే హామీ ఏమిటి, ఇవ్వనిది ఏమిటి

వారంటీ అంటే లోపమున్న పార్టును ఉచితంగా బాగుచేస్తాం లేదా మారుస్తామన్న హామీ. బండినే మారుస్తామని కాదు. 2006లో మారుతి ఉద్యోగ్‌పై వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుంది. క్లచ్ లోపం ఉన్నమాట నిజమే అయినా, వారంటీ షరతు పార్టు మార్పిడి గురించే కాబట్టి మొత్తం కారు మార్చమన్న ఆదేశాన్ని పక్కనపెట్టి, 50,000 రూపాయల పరిహారంతో సరిపెట్టింది. కార్ల కేసుల్లో కంపెనీల తరఫు లాయర్లు ఈ తీర్పును ముందుకు తెస్తుంటారు.

బయటి షెడ్డులో చేయి పెట్టిస్తే వారంటీ పోతుందా అన్నది ఇంకో గందరగోళం. 2014 ఆగస్టులో మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు జరిమానా వేస్తూ, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే గంపగుత్త షరతు కూడదని చెప్పింది. బయటి రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించొచ్చన్నది ఆ ఆదేశ సారం. ఆ ఆదేశంపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. రోజువారీ అనుభవంలో మాత్రం డీలర్ స్టాంపు లేని సర్వీసు ఒక్కటున్నా క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి.

'కల్తీ ఇంధనం' అనే కారణం కూడా ఎక్కువగా వినిపిస్తుంది. నిజంగా డీజిల్‌లో నీళ్లుంటే ఫ్యూయల్ ఫిల్టర్ అడుగున అవి విడిగా కనిపిస్తాయి, హై ప్రెషర్ పంపు తుప్పు పడుతుంది. అంటే ఆ మాటకు ఆధారం కంటికి కనబడుతుంది. ఫిల్టర్‌లోని ఇంధనాన్ని ఓనర్ ఎదుటే సీసాలో పట్టి చూపించడం ఒకటి, బండి విప్పి వారమైన తర్వాత ఫోన్ చేసి 'కల్తీ డీజిల్ సార్, వారంటీ రాదు' అనడం ఇంకొకటి. మొదటిది రుజువు. రెండోది మాట.

తయారీ లోపమా, సేవా లోపమా

అమెరికాలో ఉన్న తెలుగువారికి 'లెమన్ లా' సుపరిచితం. రాష్ట్రాన్ని బట్టి వివరాలు మారినా, ఒకే లోపానికి ఇన్నిసార్లు రిపేరు విఫలమైతే, లేదా బండి ఇన్ని రోజులు వర్క్‌షాపులో ఉంటే కంపెనీ బండి మార్చాలి లేదా డబ్బు తిరిగివ్వాలన్నది దాని పద్ధతి. కాలిఫోర్నియాలో మొదటి 18 నెలలు లేదా 18,000 మైళ్లలో, నాలుగు లేదా అంతకు మించి ప్రయత్నాలు జరిగినా, మొత్తం 30 రోజులకు మించి బండి ఆగినా, బాగుచేయడానికి కంపెనీకి తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టేనని చట్టం ఓనర్ పక్షాన ముందుగా భావిస్తుంది. ప్రాణాపాయం ఉన్న లోపానికి రెండు ప్రయత్నాలే చాలు.

భారత్‌లో కార్ల కోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. అందులో రెండు మాటలు వేరుగా చూడాలి. వస్తువులోనే నాణ్యత, పనితీరు లోపిస్తే అది వస్తు లోపం. రిపేరు సరిగా చేయకపోవడం, అకారణంగా ఆలస్యం చేయడం సేవా లోపం. మొదటిది తేలితే బండి మార్పిడి, డబ్బు వాపసు వరకు వెళ్లొచ్చు. రెండోదానికి సాధారణంగా పరిహారమే దక్కుతుంది. చాలామంది మొదటిదే అడుగుతారు, చేతిలో ఉన్న కాగితాలు రెండోదాన్ని మాత్రమే రుజువు చేస్తాయి.

తయారీ లోపం రుజువు చేయడం ఎందుకు కష్టమంటే, పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది. నివేదికకు చట్టం ఇచ్చిన గడువు 45 రోజులు. ఆ ఫీజు ముందుగా ఫిర్యాదుదారు కట్టాల్సి రావొచ్చు. మరోవైపు కంపెనీ ఓడోమీటర్ చూపిస్తుంది: 'తయారీ లోపమే ఉంటే 40,000 కిలోమీటర్లు ఎలా తిరిగింది?' దానికి సమాధానం ఒకే ఫిర్యాదు ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఎన్నిసార్లు నమోదైందో చూపే జాబ్ కార్డుల వరుసే. పై ఉదాహరణలో 18,240, 18,610, 19,050, 19,700 అన్న నాలుగు అంకెలు పక్కపక్కనే పెడితే పెద్ద వాదన అక్కర్లేదు.

ఆ చట్టంలోనే ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం ఉంది కదా, దాని కింద కంపెనీని నిలదీయలేమా అని చాలామంది అడుగుతారు. అక్కడొక మెలిక ఉంది. ఆ అధ్యాయం 'హాని'కి పరిహారం చెబుతుంది, కానీ వస్తువుకే జరిగిన నష్టాన్ని ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. ఇంజిన్ మంటలు అంటుకుని మనిషి గాయపడితే ఆ దారి తెరుచుకుంటుంది. ఇంజిన్ తనంతట తాను చెడిపోయి ఊరుకుంటే వస్తు లోపం, సేవా లోపం అన్న పాత దారే. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రీకాల్ నిబంధనలు కూడా పర్యావరణానికి, ప్రయాణికులకు, దారిన పోయేవారికి ముప్పున్న లోపాల కోసమే. ఒక్కడి బండి పదేపదే ఆగడం దాని పరిధిలోకి రాదు.

డీలర్, కంపెనీల్లో ఎవరిని అడగాలన్నదీ చిక్కే. 2021లో సుప్రీంకోర్టు టాటా మోటార్స్ కేసులో, ఇద్దరి మధ్య ఉన్నది ఒకరి నుంచి ఒకరు కొని అమ్ముకునే సంబంధమైతే, కంపెనీకి తెలిసి జరిగిందని తేలకుండా డీలర్ చేసిన తప్పుకు కంపెనీని బాధ్యురాలిని చేయలేమంది. అది పాత బండిని కొత్తదని అమ్మిన వివాదం. రిపేరు కేసుల్లో లోపం వస్తువులోనిదా, పనిలోనిదా అన్నది ముందుగా తెలియదు కాబట్టి లాయర్లు సాధారణంగా ఇద్దర్నీ ప్రతివాదులుగా చేరుస్తారు.

ఎంత నష్టం, ఎంత ఫీజు, ఎంత కాలం

12 లక్షల బండి, అందులో 10 లక్షలు అప్పు, 9 శాతం వడ్డీకి ఐదేళ్లు అనుకుందాం. ఈఎంఐ దాదాపు 20,760 రూపాయలు. బండి 45 రోజులు ఆగితే వాడని కాలానికి కట్టిన ఈఎంఐ సుమారు 31,140. అందులో 30 పని రోజులకు రోజుకు 600 చొప్పున క్యాబ్ ఖర్చు 18,000. కలిపి 49 వేల పైచిలుకు. క్యాబ్ బిల్లులు దాచుకున్నవారికి ఇది పరిహారం కోరే లెక్క అవుతుంది, దాచుకోనివారికి ఉత్త ఆవేదనగా మిగులుతుంది.

కట్టిన ధర 50 లక్షల లోపుంటే జిల్లా కమిషన్. 10 నుంచి 20 లక్షల మధ్య బండికి ఫీజు 400 రూపాయలే. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, ఓనర్ నివసించే జిల్లాలోనే వేయొచ్చు. నిజామాబాద్ మనిషి చెన్నై వెళ్లక్కర్లేదు. గడువు రెండేళ్లు. క్యాబ్ నడిపి తన పొట్ట పోసుకునే డ్రైవర్ కూడా వినియోగదారుడే, కంపెనీ పేరు మీద కొన్న బండికి మాత్రం వాణిజ్య ప్రయోజనం అనే అభ్యంతరం వస్తుంది. అంతకు ముందు మెట్టుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అది ఆదేశం ఇవ్వలేదు, కానీ ఫిర్యాదును కంపెనీకి పంపిస్తుంది. స్థానిక డీలర్ దగ్గర ఇరుక్కున్న ఫైలు ఒక్కోసారి దానితోనే కదులుతుంది.

చట్టం చెప్పే గడువు ల్యాబ్ పరీక్ష అక్కర్లేని కేసులకు 3 నెలలు, అవసరమైన వాటికి 5 నెలలు. వాస్తవంలో వాయిదాలతో ఏళ్లు పట్టడం మామూలే. వేరే దారి పడితే ఎంత దూరం వెళ్తుందో చూపే కేసు మన దగ్గరిదే. 2009 సెప్టెంబర్ 25న కొన్న ఒక బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారుకు నాలుగు రోజులకే సమస్య వచ్చింది, నవంబర్‌లో మళ్లీ వచ్చింది. కొన్న సంస్థ వినియోగదారుల ఫోరానికి కాక పోలీసులకు మోసం కింద ఫిర్యాదు చేసింది. 2012 మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రిమినల్ కేసు కొట్టేస్తూనే కొత్త కారు ఇవ్వమంది. కంపెనీ ఇస్తామంది, కొన్నవారు డబ్బే కావాలన్నారు. చివరికి 2024 జూలై 10న సుప్రీంకోర్టు అన్ని వివాదాలకూ కలిపి 50 లక్షలు చెల్లించమని ముగించింది. కారు కొన్న నాటికీ ఆ రోజుకూ మధ్య దాదాపు 15 ఏళ్లు.

బండి తిరిగి తీసుకునే రోజు సంతకం

రిపేరు అయ్యాక గేట్ పాస్ ఇచ్చే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. 'పని సంతృప్తికరంగా పూర్తయింది' అని ముందే అచ్చువేసి ఉంటుంది. చాలామంది చదవకుండా పెట్టేస్తారు, ఎందుకంటే తాళం అవతలి చేతిలో ఉంటుంది. తర్వాత అదే కాగితం కంపెనీ జవాబులో మొదటి ఆధారంగా వస్తుంది. వారంటీలో మార్చిన పాత పార్టు కూడా సాధారణంగా కంపెనీకే తిరిగి వెళ్తుంది, దాన్ని పరీక్షించే అవకాశం ఓనర్‌కు ఆ రోజుతో పోతుంది. చేతిలో మిగిలేది ఆ కాగితం, స్కాన్ రిపోర్టు, పార్టు మార్చేముందు తీసుకున్న ఫొటో.

ఆ కాగితంలో కింద రిమార్కులకు రెండు గీతలు ఉంటాయి. దాదాపు ఎప్పుడూ ఖాళీగానే పోతాయి. అక్కడ 'లైటు ఆరింది. కారణం చెప్పలేదు. ఇదే ఫిర్యాదుకు ఇది మూడోసారి. 19,062 కి.మీ.' అని చేత్తో రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టినా బండి ఇస్తారు.